వాడు చెమటోడ్చి ప్రపంచమునకు... ఎక్కడో తడబడుతోంది

మేడే కార్యకర్త: అందరికీ నమస్కారం. బాగ్‌లింగంపల్లిలో భవన నిర్మాణ కార్మికుల సభ ఉంది, ఫ్లెక్సీ వేయించాలి. "వాని రెక్కల కష్టంబు లేనినాడు, సస్యరమ పండి పులకింప సంశయించు" వరకు సాఫీగా వస్తోంది. తర్వాత "వాడు చెమటోడ్చి ప్రపంచమునకు" అనే నోటికి వస్తోంది గానీ పాడి చూస్తే కుంటుతోంది. సాయంత్రంలోగా ఫ్లెక్సీ షాపువాడికి పంపాలి, ఎవరైనా చెప్పండి.

గణాల పిచ్చి: చెమటోడ్చి కాదండీ, చెమ్మటలోడ్చి. తేటగీతి కదా, పాదానికి ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, మళ్ళీ ఇద్దరు సూర్యులు, అంటే ఆ పేర్లున్న గణాలు. వాడు / చెమ్మట / లోడ్చి ప్ర / పంచ / మునకు. "లోడ్చి ప్ర" భగణం, అంటే ఒక గురువు (రెండు మాత్రలు), రెండు లఘువులు (ఒక్కో మాత్ర). ఆ మ్మ పీకేస్తే పాదం నిలబడదు. మేడే వస్తే చాలు గోడల మీదా కరపత్రాల మీదా జాషువాని ఇలాగే కుంటిస్తారు.

శ్రీశ్రీ అభిమాని: ఇది శ్రీశ్రీది కాదా?

గణాల పిచ్చి: జాషువా కావ్యం గబ్బిలం. 1941. ఇంకేమైనా ఉందా?

రిటైర్డ్ మాస్టారు, మల్కాజిగిరి: "లోడ్చి ప్ర" భగణం అని అంత ధీమాగా ఎలా అంటున్నారు నాయనా? చి పక్కనే ప్ర ఉంది. సంయుక్తాక్షరం ముందున్నది గురువు అవుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకే చెప్పాం.

గణాల పిచ్చి: మాస్టారూ, సమాసం లోపలైతే ఊది, అంటే ఒత్తి పలుకుతాం. ఓడ్చి తెలుగు క్రియ, ప్రపంచం వేరే మాట, ఇక్కడ తేల్చే పలకాలి. లఘువే.

రిటైర్డ్ మాస్టారు, మల్కాజిగిరి: పద్యం పాడేవాడు ఊపిరి ఆపి రెండు మాటలుగా విడదీసి పాడతాడా? నేను విన్నవాళ్ళంతా ఊదే పాడారు.

వినుకొండ అల్లుడు: ఎందుకండీ గొడవ, చి లఘువైతే భగణం, గురువైతే తగణం (రెండు గురువులు, ఒక లఘువు), రెండూ ఇంద్రగణాలే! జాషువా ఎటు పాడినా నిలబడేట్టు రాశాడు. ఈయన కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పి పొట్ట పోసుకున్నాడు. పొట్ట కోసం ఊరు వదలడం అంటే ఆయనకి పుస్తకంలో చదివి తెలిసింది కాదు. ఆ గొంతు వేరు. ఇక పారశీక కవి మీద ఆయన రాసిన ఫిరదౌసి కావ్యం ఎత్తుకుంటే నేను ఆగను. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని సుల్తాను చెప్పడం, పని అయ్యాక వెండి పంపడం! మేడేకి వేయాల్సింది అసలు అది. మాట్లాడుకున్న కూలి ఒకటి, చేతిలో పెట్టింది ఒకటి.

రిటైర్డ్ మాస్టారు, మల్కాజిగిరి: రెండూ ఇంద్రగణాలే అయినంత మాత్రాన ఏది సరైన ఉచ్చారణ అన్న ప్రశ్న పోదు.

సైట్ ఇంజినీరు: ఒక సందేహం. మీది బిల్డింగ్ పనివాళ్ళ సభ కదా, సస్యరమ, అంటే పంటలక్ష్మి, ఎందుకు వచ్చింది? కోకాపేటలో మేం వేసేది కాంక్రీటు, పండి పులకించేది ఏమీ లేదు. పద్యంలో వాడు పొలం కూలీ. శ్రీశ్రీ "రాళ్ళెత్తిన కూలీలెవ్వరు" వేసుకుంటే సూటిగా ఉంటుంది.

శ్రీశ్రీ అభిమాని: అదీ మాట! కానీ దయచేసి "ఎవరు" అని అచ్చు వేయించకండి, ఎవ్వరు. పై పాదం "తాజమహల్ నిర్మాణానికి" లాగే 14 మాత్రలు రావాలి, వ్వ పోతే 13 అవుతుంది.

పాలమూరు బిడ్డ: ఇంజినీరు అన్నా, పొలం కూలీ వేరు, రాళ్ళెత్తే కూలీ వేరు అని ఎవరు చెప్పిండ్రు మీకు? మా తాత గుంపు మేస్త్రి (కూలీలను కూడగట్టి తీస్కపోయేటోడు) వెంట అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనికి పోయినవాడే, వానలు పడితే ఇంటికి వచ్చి అరక కట్టినవాడే. ఎక్కడెక్కడో కాల్వలు తవ్వినంక మా చేలకు మాత్రం నీళ్ళు లేవు. ఇప్పుడు ఇటుక బట్టీలకు ఒడిశా బలాంగీర్ నుంచి వచ్చేటోళ్ళ కథ కూడా అంతే, గుంపు మేస్త్రి బదులు సర్దార్ అంటరు. సస్యరమ సంశయించింది కాబట్టే వాడు మీ సైటుకు వచ్చిండు. నాకైతే పద్యం సరిగ్గానే అతుకుతుంది.

సైట్ ఇంజినీరు: ఒప్పుకుంటాను అక్కా. లాక్‌డౌన్‌లో వలస కూలీలను ఇంటికి చేర్చడానికి 2020 మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకి వెళ్ళిన మొదటి శ్రామిక్ రైలు గుర్తొచ్చింది. ఎక్కినవాళ్ళలో చాలామంది సంగారెడ్డి దగ్గర కంది ఊళ్ళో కట్టుబడి పనికి వచ్చినవాళ్ళే. మేడే రోజునే ఇంటికి పంపారు. అంతకు రెండు రోజుల ముందు జీతం బాకీల మీద అక్కడే గొడవ జరిగింది.

రాత్రి డ్యూటీ: "ప్రపంచమునకు భోజనము పెట్టు వానికి భుక్తి లేదు". మాదాపూర్‌లో అర్ధరాత్రి బిర్యానీ తెచ్చే కుర్రాళ్ళకి ఇది అక్షరాలా సరిపోతుంది. బండి పెట్రోలు కూడా వాడిదే.

లా చదివినవాడు: మీరంతా భుక్తి అంటే తిండి అనుకుంటున్నారు. ధర్మశాస్త్రంలో భుక్తి అంటే అనుభవం, స్వాధీనం. యాజ్ఞవల్క్యుడు "ప్రమాణం లిఖితం భుక్తిః సాక్షిణశ్చేతి కీర్తితమ్" అన్నాడు, ఆస్తి నీదే అనడానికి పత్రం, అనుభవం, సాక్షులు. అంటే దున్నేవాడికి భూమి మీద హక్కు లేదంటున్నాడు జాషువా.

గణాల పిచ్చి: భోజనం పెట్టేవాడికి అని అదే పాదంలో ఉంటే తిండి కాక పట్టా పాసుపుస్తకం ఎలా అవుతుందండీ? భోకి భుతో యతి (పాదం మొదటి అక్షరానికి జత) కుదిరింది, భోజనానికి భుక్తితో అర్థమూ కుదిరింది. ఆకలితో ఉన్నవాడి నోటి దగ్గరికి స్మృతులు తీసుకెళ్ళకండి.

లా చదివినవాడు: రెండర్థాలూ ఉండకూడదని ఎక్కడుంది? పంట ఎవరిది అన్న లెక్కలోనే తిండి ఎవరికి అన్న లెక్క ఉంది.

పాలమూరు బిడ్డ: ఈయన చెప్పింది నాకు నచ్చింది. మా దగ్గర ఆకలి కన్నా ముందు పట్టా గురించే కొట్లాట.

సైట్ ఇంజినీరు: ఇంకో మాట. మా లేబర్ క్యాంపు రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు ఒడియా, హిందీ, భోజ్‌పురి మాట్లాడతారు. ఫ్లెక్సీ మొత్తం తెలుగులో ఉంటే ఈ మ్మ ఎవరి కోసం?

మేడే కార్యకర్త: మంచి ప్రశ్న వేశారు. షాపువాడు ఇప్పుడే ఫోన్ చేశాడు, స్థలం కూడా తక్కువట. మొదటి రెండు పాదాలు తెలుగులో వేసి, కింద "కూలి బాకీలు వెంటనే చెల్లించాలి" అని హిందీలో, ఒడియాలో వేయిస్తున్నాను. ఒడియా అక్షరాలు సరిచూసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు, మల్కాజిగిరి: తేటగీతిని సగంలో నరకడం అన్యాయం. వేస్తే నాలుగు పాదాలూ వేయాలి. పైగా చి గురువా లఘువా ఇంకా తేలనేలేదు.

గణాల పిచ్చి: తేలింది మాస్టారూ. లఘువు.