బుర్రకథ రికార్డింగులో డక్కీల మోతకు కథకుడి మాట మునిగిపోతోంది

మాది పెనుకొండ వైపు పల్లె. బెంగళూరులో ఉంటున్న మా ఊరివాళ్లం మారతహళ్లిలో ఓ హాలు అద్దెకు తీసుకుని, ఊరి పెద్దలను పిలిపించి చెరువు కథలు, బుర్రకథలు రికార్డు చేస్తున్నాం. మామూలు కథలతో చిక్కు లేదు. బుర్రకథతోనే వచ్చింది తంటా. కథకుడు తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తాడు. ఇరుపక్కలా వంత పాడేవాళ్లు డక్కీలనే చిన్న డోళ్లు అందుకోగానే శబ్దం పగిలిపోతోంది, పద్యంలో సగం ఎగిరిపోతోంది.

ఫోనులో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా తీస్తున్నాం. ఫోను రెండు మీటర్లు వెనక్కి జరిపితే హాలు ప్రతిధ్వని కమ్మేసింది. కాలరు మైకు పెడితే తంబురా దానికి రాసుకుని గరగర. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్టువేరులో అనవసర శబ్దం తగ్గించే సదుపాయమూ వాడాం. అది ఫ్యాను హోరులాంటి నిలకడ శబ్దానికే పనికొస్తుంది, డక్కీ దెబ్బకు కాదు. పైగా మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు తయారయ్యాయి. కథను, వంతను విడివిడిగా తీయమని ఒకరన్నారు. వంత పలకకపోతే పెద్దాయన నోట కథ కదలనే కదలదు, ఆ సలహా మాత్రం వద్దు.

రెండు మైకులకు మించి కొనలేం. కథకుడి మాట తేటగా వినబడాలంటే ఏ రకం మైకులు తీసుకుని, ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలి?