అగ్రీయబుల్ గ్రేనా, రిపోజ్ గ్రేనా?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పాత ఇల్లు తీసుకున్నాం, ఈస్ట్ ఫేసింగ్. గోడలన్నీ ముదురు పసుపు. షెర్విన్ విలియమ్స్ పెయింట్లలో చూసి చూసి ఈ రెండు రంగుల దగ్గర ఆగాం. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి, మా ఆవిడ కానే కాదంటోంది. ఫ్లోర్ బీజ్ (లేత ఇసుక రంగు) టైల్, కిచెన్‌లో గోధుమరంగు మచ్చల గ్రానైట్, అవి మార్చే బడ్జెట్ లేదు. వేయించినవాళ్లు చెప్పండి ప్లీజ్.

— మీ ఆవిడే కరెక్టండీ. ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, నలుపు 0, తెలుపు 100, గోడ ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెబుతుంది. అగ్రీయబుల్‌ది 60, రిపోజ్‌ది 58, కాబట్టి ముదురులో తేడా లేనట్టే. తేడా ఛాయలో ఉంది: మొదటిది బీజ్ కలిసిన గ్రే, రెండోది కాస్త చల్లగా ఉంటుంది, మబ్బు పట్టిన రోజు ఊదా కొడుతుంది. మీ టైల్, గ్రానైట్ పక్కన రిపోజ్ పెడితే టైలే మురికిగా కనిపిస్తుంది. కళ్లు మూసుకుని అగ్రీయబుల్ వేయించండి.

— కళ్లు మూసుకుని వద్దు బ్రో. ముఖద్వారం తూర్పైతే ఇక్కడి ఇళ్లలో ఫ్యామిలీ రూమ్ చాలావరకు వెనక, పడమటి వైపు ఉంటుంది. టెక్సాస్ సాయంత్రం ఎండకి అగ్రీయబుల్ పూర్తిగా బీజ్ అయిపోతుంది. గ్రే కావాలనుకునేవాళ్లకి అది నచ్చదు. మాది రిపోజే, కాకపోతే మా ఫ్లోర్ గ్రే.

— ఫ్యామిలీ రూమ్ వెనకే అన్నా. రెండింటి శాంపిల్ డబ్బాలు తెచ్చి గోడ మీద ఒక్కో పట్టీ వేశాను, రెండూ నీలంగా కనిపిస్తున్నాయేంటి? బల్బులు 5000 కెల్విన్‌వి (వెలుతురు రంగు చెప్పే అంకె).

— పసుపు గోడ మీద ఏ గ్రే వేసినా నీలంగానే కనిపిస్తుందండీ, పక్కనున్న రంగు చేసే మాయ అది. పెద్ద తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, చుట్టూ తెల్ల అంచు వదిలి, టైల్‌కి ఆనించి నిలబెట్టండి. పొద్దున, సాయంత్రం, లైట్లు వేశాక చూడండి. 5000 కెల్విన్ బల్బులు కూడా చల్లదనం పెంచుతాయి, ముందు 3000 కెల్విన్‌వి పెట్టి చూడండి, గోడలకంటే బల్బులే చవక.

ఇంకోటి, రంగు ఏదైనా స్టవ్ వైపు గోడకి ఫ్లాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింట్) మాత్రం వద్దు. పోపు చిట్లిన నూనె, పసుపు మరకలు రుద్దితే గోడ మీద మెరుపు మచ్చ మిగులుతుంది. అక్కడ కాస్త మెరుపుండే శాటిన్, మిగతా ఇంటికి అంతకంటే తక్కువ మెరుపుండే ఎగ్‌షెల్ చాలు.