బోర్డుల పనికి ఫ్లాట్‌బెడ్ ప్లాటర్: డ్రాగ్ బ్లేడు చాలునా, టాంజెన్షియల్ కావాలా?

కొత్తపలక:
మా దుకాణంలో ఇన్నాళ్లూ 24 అంగుళాల రోల్ ప్లాటర్ ఒక్కదానితోనే పని నడిచింది. వినైల్ అక్షరాలకు అది చాలు గాని, ఈ మధ్య రెండు రకాల పనులు పెరిగాయి. ఒకటి, రేడియం షీటు మీద సూచిక బోర్డుల అక్షరాలు కోయడం. రెండోది, ప్రింటు అంటించిన 5 మి.మీ. ఫోమ్ బోర్డును బొమ్మ అంచు వెంట కోసి ఇవ్వడం. రేడియం షీటు బిరుసుగా ఉండి రోలర్ల కింద జారుతోంది, రెండో మీటరు చేరేసరికి గీత పక్కకు పోతోంది. ఫోమ్ బోర్డునైతే ఇప్పటికీ చేతి కత్తితోనే కోస్తున్నాము.

షీటును బల్ల మీద పరిచి కోసే ఫ్లాట్‌బెడ్ మెషీన్లు రెండు చూశాము. మొదటిది 1600 × 1200 మి.మీ. బల్ల, దానికి టాంజెన్షియల్ తల (కత్తిని మోటారు తిప్పేది), ఆసిలేటింగ్ తల (కత్తి పైకీ కిందికీ ఆడేది), కెమెరా ఉన్నాయి. రెండోది 2500 × 1300 మి.మీ. బల్ల, దానికి డ్రాగ్ బ్లేడు తల (గీత వెంట కత్తి తనంతట తానే తిరిగేది) మాత్రమే ఉంది, కెమెరా ఉంది, షీటు కదలకుండా గాలి పీల్చి పట్టే పంపు పెద్దది. ధరలో చెప్పుకోదగిన తేడా లేదు. ఏది తీసుకోమంటారు?

నూలుగీత:
రెండోది తీసుకోండి. తలల సంఖ్య చూసి మోసపోవద్దు. ఫ్లాట్‌బెడ్‌లో సగం పని కత్తిది కాదు, బల్లది. పంపు 100 మిల్లీబార్ల మేర పీల్చగలిగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 గ్రాముల బలం పడుతుంది. 20 సెం.మీ. చదరపు ముక్క మీద అది 40 కిలోలు కాబట్టి ఆ ముక్క కదలదు. అదే 2 సెం.మీ. ముక్కయితే 400 గ్రాములే, కత్తి పక్కకు నెట్టిందంటే లేచిపోతుంది. అందులోనూ ఆరపార కోసిన ప్రతి గీతలోంచీ గాలి కారిపోతూ ఉంటుంది. పంపు చిన్నదైతే ఎంత గొప్ప తల బిగించినా వృథాయే.

ఇక డ్రాగ్ బ్లేడు సంగతి. దాని ముక్కు షీటు మీద ఆనుకుని నడుస్తుంది కాబట్టి బల్లలో చిన్న ఎత్తుపల్లాలున్నా వాటి వెంటే పోతుంది. 80 మైక్రాన్ల వినైల్, దాని జిగురు కలిపితే 0.1 మి.మీ.కు అటూ ఇటూ. లోతు కొలిచి దిగే టాంజెన్షియల్ కత్తి కింద బల్ల 0.2 మి.మీ. ఉబ్బెత్తుగా ఉంటే వినైల్‌తో పాటు వెనక కాగితం కూడా తెగుతుంది.

రెండోషట్టర్:
నూలుగీత గారు బల్ల గురించి చెప్పినది నిజమే గాని, అసలు విషయాన్ని దాటేశారు. డ్రాగ్ బ్లేడు మొన, దాని ఇరుసుకు సూటిగా కింద ఉండదు. మామూలు బ్లేడులో 0.25 మి.మీ. వెనకగా ఉంటుంది. మూల వచ్చినప్పుడు కత్తి షీటులో ఉండగానే గిర్రున తిరగాలి. పలుచని వినైల్‌లో తిరుగుతుంది. రేడియం షీటులో తిరగలేక మూలను గుండ్రంగా చేస్తుంది, లేదా చించుతుంది. టాంజెన్షియల్‌లో మోటారు కత్తిని పైకెత్తి, తిప్పి, మళ్లీ దింపుతుంది కాబట్టి మూల మూలలాగే ఉంటుంది. లోతు మాట అంటారా, ఒత్తిడిని కొలుచుకుంటూ దిగే టాంజెన్షియల్ తలలు కూడా ఉన్నాయి. బాణం గుర్తు మొన గుండ్రంగా వచ్చిందని మా బోర్డులు ఒక లోడు మొత్తం వెనక్కి వచ్చాయి. ఆ నష్టం భరించిన తర్వాతనే నేను ఈ మాట చెబుతున్నాను.

ఇంకుమరక:
ఏ మెషీను కొన్నా హెచ్‌పీజీఎల్ ఫైలు (ప్లాటర్లకు గీతలు చెప్పే సాధారణ ఫైలు) తీసుకుంటుందో లేదో అడగండి. వాళ్ల సాఫ్ట్‌వేర్ తాళం పోతే మెషీను మూలన పడుతుంది.

నూలుగీత:
మూల గుండ్రబడడం బ్లేడు తప్పు కాదు, మొన ఎంత వెనకగా ఉందో మెషీనుకు చెప్పే ఆఫ్‌సెట్ అంకె తప్పు. అంకె తక్కువైతే మూల గుండ్రంగా వస్తుంది, ఎక్కువైతే కొమ్ములా పొడుచుకు వస్తుంది. మందపు షీటుకు 60 డిగ్రీల బ్లేడు పెట్టి, దాని ఆఫ్‌సెట్ ఎంతో పెట్టె మీద చూసి ఆ అంకె వేసుకుని, వేగం సగానికి తగ్గించి, ఒక చిన్న చతురస్రం కోసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మీ లోడు వెనక్కి రావడానికి కారణం 45 డిగ్రీల బ్లేడునే మార్చకుండా వాడడం అయి ఉంటుంది.

రెండోషట్టర్:
మా దుకాణంలో ఏ బ్లేడు ఉందో మీరు చూశారా? 60 డిగ్రీలదే పెట్టాము. అద్దపు పూసలున్న రేడియం షీటు మొనను ఎంత త్వరగా అరగదీస్తుందో కోసినవారికే తెలుస్తుంది. మొదటి పది బోర్డులకు సరిపోయిన అంకె ముప్పయ్యో బోర్డుకు సరిపోదు.

తలకట్టు:
మూలల గురించి ఇంత వాదన దేనికి? మన అక్షరాల్లో మూలలెక్కడున్నాయి? నా తలకట్టు ఒక్కటే కాస్త మొనదేలి ఉంటుంది.

నూలుగీత:
తలకట్టు గారు నవ్వుతూ అన్నా అదే అసలు మాట. మన అక్షరాలన్నీ వంపులే, పైగా చిన్న వంపులు. టాంజెన్షియల్ కత్తికి వెడల్పు ఉంటుంది. చిన్న సున్న చుట్టూ తిరిగేటప్పుడు దాని వెనక అంచు షీటును పక్కకు ఒరుసుకుంటుంది. సన్నని డ్రాగ్ బ్లేడు అదే సున్నను నీళ్లలో తిరిగినట్టు చుట్టి వస్తుంది. దాన్ని స్వయంగా నడిపినవాడికి ఆ తేడా చెవికే తెలుస్తుంది. కత్తి సరిగా దిగితే సన్నగా చీరినట్టు, ఎక్కువ దిగితే గరగరమని వినిపిస్తుంది.

రెండోషట్టర్:
సరిగ్గా ఆ చెవితోనే నాకు పేచీ. మా దగ్గరా అటువంటి చెవి ఉన్న ఆపరేటర్ ఒకడు ఉండేవాడు. ఏ షీటుకు ఎంత ఒత్తిడో, ఎంత వేగమో, బ్లేడు ఎంత బయటికి ఉండాలో ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు, అన్నీ వాడి బుర్రలోనే. పండుగ ముందు వారంలో వేరే చోటికి వెళ్లిపోయాడు. మెషీను నెలన్నర గుడ్డ కప్పుకుని కూర్చుంది. బార్‌కోడ్ చదివి, లోతు తానే కొలుచుకుని, ఎవరు షీటు పెట్టినా ఒకేలా కోసేది కావాలి నాకు. కత్తి సంగీతం వినే తీరిక యజమానికి ఉండదు.

నూలుగీత:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. నేను యజమానిని కాను. పదకొండేళ్లు ఇంకొకరి మెషీను ముందు నిలబడ్డాను. అన్నీ బుర్రలోనే పెట్టుకున్నాడని మీరంటున్నారు; రాయడానికి పుస్తకం ఇచ్చి, అందుకు ఒక గంట కేటాయించిన యజమానిని నేను ఒక్కరినీ చూడలేదు. కొత్త ఆటోమేటిక్ మెషీను వచ్చిన రోజున “ఇక నువ్వు షీట్లు పెట్టి తీస్తే చాలు” అని జీతం తగ్గించారు. ఆ తర్వాత మొద్దుబారిన బ్లేడుతోనే అది రోజంతా నిక్కచ్చిగా కోసింది. తప్పు లోతుకు కూడా ప్రతిసారీ ఒకేలా దిగుతుంది కదా, అందువల్ల ఎవరూ గమనించలేదు.

రెండోషట్టర్:
మీ జీతం తగ్గించినవాడిని నేను కాను.

నూలుగీత:
నెలన్నర మెషీను ఆపినవాడిని నేనూ కాను.

గోరుగీత:
కొత్తపలక గారు అడిగినది 5 మి.మీ. ఫోమ్ బోర్డు గురించి కూడా. ఇన్ని జవాబుల్లో దాని పేరైనా ఎవరూ ఎత్తలేదు. డ్రాగ్ బ్లేడు దాన్ని ఆరపార కోయలేదు. కత్తి నిమిషానికి వేల సార్లు పైకీ కిందికీ ఆడే ఆసిలేటింగ్ తల కావాలి. కరెంటుతో ఆడేదానికి ఆట 1 మి.మీ. ఉంటే ఆ మందానికి సాధారణంగా సరిపోతుంది. ఇంకొకటి, పూర్తి షీటు 2440 × 1220 మి.మీ. ఉంటుంది. మొదటి బల్ల మీద పొడవు పట్టదు సరే, వెడల్పు కూడా 20 మి.మీ. బయటికి వేలాడుతుంది.

నూలుగీత:
ఫోమ్ బోర్డు విషయంలో పొరపాటు నాదే. పెద్ద బల్లకు ఆసిలేటింగ్ తల తర్వాత బిగించుకోవచ్చనే ఆలోచనతో రాశాను. కాని కత్తిని తిప్పే మోటారుకు కంట్రోలర్‌లో చోటు లేకపోతే అది కుదరదు, ముందే అడగాలి.

రెండోషట్టర్:
20 మి.మీ. నేనూ చూసుకోలేదు. అయినా రేడియం మూల గురించి నా మాట మారదు.

కొత్తపలక:
అందరికీ కృతజ్ఞతలు. రెండు చోట్లకూ మా షీట్లే పంపి కోయించాము. డ్రాగ్ బ్లేడు ఫోమ్ బోర్డు మీద అదే గీతలో మూడుసార్లు నడిచింది. అప్పటికీ అడుగు పొర తెగలేదు. చేత్తో విరిస్తే అంచు నూగునూగుగా వచ్చింది, ప్రింటు రెండు చోట్ల లేచింది. పెద్ద బల్లకు ఇంకో తల పట్టదని అమ్మేవారే చెప్పారు. చిన్న బల్ల మీద ఆసిలేటింగ్ కత్తి అంచును నున్నగా కోసింది గాని, “ఠ” లోపలి 3 మి.మీ. చుక్క దగ్గర బోర్డు నలిగి చిట్లింది. రేడియం షీటు మీద అదే చుక్క డ్రాగ్ బ్లేడుతో శుభ్రంగా వచ్చింది, టాంజెన్షియల్‌తో కోడిగుడ్డులా వచ్చింది.

మెషీను నడపబోయేది నేను, మా మరదలు. ఆపరేటర్‌ను పెట్టుకునే స్థోమత లేదు. ఫోమ్ బోర్డు పనే ఎక్కువ కాబట్టి, షీటును ముందే 1200 మి.మీ. చొప్పున రెండు ముక్కలు చేసుకుని చిన్న బల్ల తీసుకోవాలనుకుంటున్నాము. చుక్కలున్న అక్షరాలను వినైల్‌లో పాత రోల్ ప్లాటర్ మీదే కోసి బోర్డు మీద అంటిస్తాము. నూలుగీత గారూ, మీరన్న పుస్తకం కొన్నాము. మొదటి పేజీలో షీటు, బ్లేడు, ఒత్తిడి, వేగం అని నాలుగు గళ్లు గీశాను. ఇంకేమైనా గడి కావాలా?

నూలుగీత:
ఆ బ్లేడుతో ఇప్పటిదాకా ఎన్ని మీటర్లు కోశారో ఐదో గడిలో రాయండి. రేడియం షీటు మీటర్లను విడిగా లెక్కించండి.

రెండోషట్టర్:
ఆ “ఠ” ముక్క ఫొటో ఇక్కడ పెడితే, పక్కనే బాణం గుర్తు మొన ఫొటో కూడా పెట్టండి.