గిట్టుబాటు ధరను ఎవరైనా ప్రకటించగలరా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. వ్యవసాయ వార్తలు దిద్దే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే వాక్యం ఒకటి ఉంది: ‘ధాన్యానికి ప్రభుత్వం గిట్టుబాటు ధర ప్రకటించింది.’ నేను ప్రతిసారీ ‘గిట్టుబాటు’ను కొట్టివేసి ‘కనీస మద్దతు’ అని రాస్తుంటాను. రెండూ ఒకటే కదా, ఎందుకీ చాదస్తమని తోటివారు అడిగినప్పుడు తేడా ఉన్నదని గట్టిగా అనిపించినా, అదేమిటో మాటల్లో పెట్టలేకపోయాను. ఈ రెండు మాటల పుట్టుక, వాడుక తెలిసినవారు వివరించగోరుతాను.

మొదటి సమాధానం

అయ్యా, మీరు చేస్తున్నది చాదస్తం కాదు. ‘గిట్టు’ అచ్చతెలుగు క్రియ. తమిళంలో ‘కిట్టు’ అంటే దగ్గరగు, దొరకు. కన్నడంలో ‘గిట్టు’ అంటే దొరకు, లాభించు. మనకు ‘పుట్టుట, గిట్టుట’ అనే జంటలో చావును చెప్పే ‘గిట్టు’ కూడా ఉంది గాని, దానికీ దీనికీ ముడిపెట్టి చమత్కరించడం తప్ప ఇక్కడ ప్రయోజనం లేదు. మన చర్చకు కావలసింది ‘ఆ బేరం నాకు గిట్టదు’ అనేటప్పటి గిట్టు. దానికి ‘పాటు’ చేరి, సర్దుబాటు, దిద్దుబాటు, కట్టుబాటు లాగానే ‘గిట్టుబాటు’ అయింది. ఆ ‘పాటు’ పడు ధాతువు నుంచి వచ్చినదే కనుక, ‘వాడికీ నాకూ గిట్టదు’, ‘వాడికీ నాకూ పడదు’ అనే వాక్యాలు ఒకే అర్థం ఇవ్వడం కాకతాళీయమని నేననుకోను.

ఈ క్రియ ఎప్పుడూ ‘నాకు’, ‘రైతుకు’ అనే చతుర్థినే కోరుకుంటుంది. గిట్టడం అనుభవించేవాడికి తెలిసే సంగతి. పంట అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదేమిటో చూసుకున్న తరువాత గాని గిట్టిందో లేదో చెప్పలేము. ‘మద్దతు’ సంగతి వేరు. అది ఉర్దూ ‘మదద్’ నుంచి వచ్చిన మాట, సహాయమని అర్థం. సహాయానికి ఇచ్చేవాడొకడు ఉంటాడు, అతడు ఎంత ఇస్తాడో ముందుగా చెప్పవచ్చు. అందుచేత మద్దతు ధరను ఢిల్లీలో ప్రకటించవచ్చు గాని, గిట్టుబాటును ప్రకటించడం వ్యాకరణరీత్యానే పొసగదు.

చరిత్ర కూడా ఈ తేడానే చూపుతుంది. పంటలకు ఎంత ధర ఇవ్వాలో కేంద్రానికి సిఫార్సు చేసే వ్యవసాయ ధరల సంఘం 1965లో ఏర్పడిన తొలి సంవత్సరాలలో ‘మద్దతు ధర’, ‘సేకరణ ధర’ అని రెండు వేర్వేరు ధరలు ఉండేవి. మార్కెట్ ఎంత పడిపోయినా ఇంతకు తగ్గనివ్వమని విత్తడానికి ముందే ఇచ్చే హామీ మొదటిది; చౌక దుకాణాలకు ధాన్యం కూడబెట్టడం కోసం కోతల నాడు ప్రభుత్వం చెల్లించే, కొంత ఎక్కువైన ధర రెండవది. క్రమంగా రెండూ కలిసిపోయి ఒకే మాట మిగిలింది. 1985లో ఆ సంఘం పేరులోకి ‘వ్యయాలు’ అనే మాట వచ్చి చేరింది. అంటే మద్దతు ధర మొదట ఇంతకంటె దిగకూడదనే కింది హద్దుగా పుట్టినదే తప్ప, లాభానికి పూచీగా పుట్టినది కాదు.

అసలు పేచీ ‘వ్యయం’ అనే మాటలోనే ఉంది. 2018 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 1,750 రూపాయలు ప్రకటించి, అది ఖర్చుకు ఒకటిన్నర రెట్లని చెప్పారు. విత్తనాలు, ఎరువులు, కూలీలు వంటి చేతి ఖర్చుకు ఇంటిల్లిపాది రెక్కల కష్టం విలువ కలిపితే క్వింటాలుకు 1,166 రూపాయలని సంఘం లెక్కగట్టింది గనుక ఆ మాట నిజమే. అయితే అదే సంఘం సొంత పొలానికి రాదగిన కౌలునూ, సొంత పెట్టుబడి మీద వడ్డీనీ కూడా కలిపి వేసిన మరొక లెక్కలో ఖర్చు 1,560 రూపాయలు. దాని మీద చూస్తే మిగులు 12 శాతమే. డాక్టర్ స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద కనీసం 50 శాతం కలపాలన్నప్పుడు ఉద్దేశించిన ఖర్చు ఈ రెండవదేనని రైతు సంఘాలు వాదిస్తాయి. అలా లెక్కిస్తే ధర 2,340 రూపాయలు కావాలి. 1,750కీ 2,340కీ మధ్య ఉన్న ఆ 590 రూపాయలే, నా దృష్టిలో, మద్దతుకూ గిట్టుబాటుకూ మధ్య ఉన్న దూరం. మీరు కలం పెట్టి దిద్దుతున్నది దానినే.

రెండవ సమాధానం

పై వివరణ బాగున్నది గాని, ప్రకటించడం పొసగదన్న మాటను ఒప్పుకోలేను. చెరకు సంగతి చూడండి. 2009లో చెరకు నియంత్రణ ఉత్తర్వును సవరించి, అంతవరకూ ఉన్న చట్టబద్ధ కనీస ధర స్థానంలో ‘న్యాయమైన, గిట్టుబాటు ధర’ అనే పేరు తెచ్చారు. దానిని కేంద్రం ఏటా ప్రకటిస్తూనే ఉన్నది. 2025-26 సీజనుకు 10.25 శాతం చక్కెర దిగుబడి ఉన్న చెరకుకు క్వింటాలుకు 355 రూపాయలు. విచిత్రమేమిటంటే, ఈ డబ్బు చెల్లించవలసింది ప్రభుత్వం కాదు, చక్కెర మిల్లు. తాను కొనే ధాన్యం విషయంలో ‘మద్దతు’తో సరిపెట్టుకున్న ప్రభుత్వం, మరొకరు కొనే చెరకు విషయంలో ‘గిట్టుబాటు’ అనే పెద్ద మాట వాడటంలో గడుసుదనం లేకపోలేదు. కనుక మీ వార్త చెరకు గురించి అయితే దయచేసి కొట్టివేయకండి.

రైతు ఊరేగింపుల్లో వినిపించేది కూడా ‘గిట్టుబాటు ధర కల్పించాలి’ అనే నినాదమే. అక్కడి క్రియ ‘కల్పించు’, ‘ప్రకటించు’ కాదన్నది గమనించదగినది.

మూడవ సమాధానం

నేను గుంటూరు మిర్చి యార్డులో చాలాకాలం లెక్కలు రాసినవాడిని. అక్కడ ఈ రెండు మాటలూ పెద్దగా వినిపించవు. తేజ రకానికి ఎంత, రంగు చెడిన తాలు కాయలకు ఎంత అని ‘రేటు’ అడుగుతారు, అంతే. మిర్చి కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల పట్టికలో లేదు. పసుపూ లేదు. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం ‘మార్కెట్ జోక్య పథకం’ ప్రకటించింది. ఆ పేరు మీదనే నా అభ్యంతరం. ‘మా ఇంటి విషయాల్లో జోక్యం చేసుకోకండి’ అని విసుగుతో అనే మాట అది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డులో పేరుకుపోయి, శీతల గిడ్డంగుల అద్దె పెరుగుతూ ఉన్న రైతు ఆశగా ఎదురుచూసే సహాయానికి, తెలుగులో ఇంతకంటె మెత్తని పేరు దొరకలేదా?

ప్రశ్న వేసినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇకమీదట ధాన్యం, కందులు, పత్తి వంటి పంటలకు ‘కనీస మద్దతు ధర ప్రకటించింది’ అని, రైతుల కోరికగా రాసేటప్పుడు ‘గిట్టుబాటు ధర’ అని, చెరకుకు చట్టంలోని పేరునే ఉంచుతాను. ఇంకొక మార్పు కూడా చేయదలచుకున్నాను. 2025-26కు సాధారణ రకం ధాన్యం ధర క్వింటాలుకు 2,369 రూపాయలని రాసి ఊరుకుంటున్నాము. గోదావరి జిల్లాల పాఠకుడు 75 కిలోల బస్తాలో ఆలోచిస్తాడు గనుక, పక్కనే బస్తాకు 1,776 రూపాయల 75 పైసలని వేస్తే, కాటా దగ్గర తేమ 17 శాతం మించిందని తరుగు తీసినప్పుడు తన చేతికి ఎంత తక్కువ వచ్చిందో అతడే పోల్చుకోగలడు.

‘జోక్యం’ విషయంలో మీ మాట సబబే. ‘ఆదుకొనే ధర’ అని వాడి చూద్దామనుకుంటున్నాను. ‘మద్దతు’కు మరీ దగ్గరైపోయి మళ్ళీ గందరగోళం అవుతుందేమోనన్న అనుమానమూ ఉంది. యార్డులో ఎవరైనా దానికి సొంతంగా పెట్టుకున్న పేరు ఉంటే తెలియజేయండి.