రిటైరై ఒంటరిగా ఉంటున్నవాళ్లు రోజు ఎలా గడుపుతున్నారు?

మూలాపేట మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. వయసు 66. సంక్రాంతికి ముందు నా భార్య కాలం చేసింది. అబ్బాయి బెంగళూరు వచ్చేయమంటున్నాడు, ఈ ఇల్లు తన పేర రాస్తే అమ్మి అక్కడ ఫ్లాట్ తీసుకుందామంటాడు. వాడు మంచివాడే. నాకే ఊరు వదలబుద్ధి కావడం లేదు. పెన్షన్ వస్తుంది, ఒంట్లో బాగుంది. పొద్దున నడక, పేపరు, మెస్ నుంచి క్యారేజీ. రోజూ రంగనాథస్వామి గుడికి పోతున్నాను. అయినా మధ్యాహ్నం రెండు దాటితే ఏమీ తోచదు. టీవీ పెడితే తలనొప్పి. ఈ దశ దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

కావలి వాసి:
మాస్టారూ, ముందు ఇంటి సంగతి. తొందరపడి రాయకండి. రాయాల్సే వస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా పెట్టించండి. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. మీ అబ్బాయిని అనుమానించమని కాదు. ఇల్లు మీ పేర ఉంటే మీకు ధైర్యం, అంతే.

ఒంగోలు కోడలు:
అన్నయ్యా, నా పుట్టిల్లు నెల్లూరే. ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక నేనూ ఇట్లాగే గోడలు చూస్తూ కూర్చున్నాను. పుణ్యక్షేత్రాలు తిరిగొచ్చినా, ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ అదే దిగులు. మనకు కావాల్సింది కాలక్షేపం కాదన్నయ్యా. "నిన్న ఎందుకు రాలేదు?" అని అడిగే మనిషి కావాలి.

నేను సాయంత్రం బీపీ మిషన్ సంచిలో వేసుకుని మా వీధి చివర కూరగాయల బండ్ల దగ్గరికి పోతాను. ఆకుకూరలమ్మే ముసలామె నన్ను చూడగానే తడి చేతులు కొంగుకు తుడుచుకుని చెయ్యి చాపుతుంది. ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి పంపుతాను, మాత్రలు మానేస్తే కేకలేస్తాను. ఒకరోజు పోకపోతే మర్నాడు ఆ కేకలు నాకు పడతాయి! మీకు లెక్కలు వచ్చు. మీ వీధిలో పదో తరగతి పిల్లలు లేకుండా ఉండరు. నాలుగింటికి వరండాలో చాప వేయండి. డబ్బులు తీసుకోవద్దు, టైము మాత్రం తప్పొద్దు.

ఇంకోటి, ఆ క్యారేజీ మానేయండి. వంట నేర్చుకోండి, పొద్దు దానంతటదే కదులుతుంది. మన చేపల పులుసుతోనే మొదలుపెట్టండి. చింతపండు పులుసు బాగా మరిగి నూనె తేలాకే ముక్కలు వేయాలి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు, ముక్క చితికిపోద్ది. దాకను రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పాలి. దించే ముందు మామిడికాయ ముక్కలు, మెంతిపొడి. మర్నాటికి ఊరితే ఇంకా బాగుంటుంది. ఎదురింటికో గిన్నె పంపండి. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఎవరూ ఉత్తిది ఇవ్వరు, అట్లా మాటలు కలుస్తాయి.

సూళ్లూరుపేట:
చలికాలంలో ఓసారి మా వైపు రండి సార్. నేలపట్టు చెరువులో చెట్ల నిండా గూడబాతులు గూళ్లు పెట్టుంటాయి. పిల్లలకు అవి మేత పెట్టేది చూస్తుంటే పొద్దు తెలియదు. అరవై దాటాయి కాబట్టి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు మర్చిపోకండి. ఒక్కరే వద్దు, నడకలో కలిసే స్నేహితుల్ని వెంటబెట్టుకురండి.

మూలాపేట మాస్టారు:
అందరికీ ధన్యవాదాలు. ఇంటి విషయం ఇప్పుడే తేల్చనని అబ్బాయికి ఫోన్లో చెప్పాను. "మీ ఇష్టం నాన్నా" అన్నాడు. ఎదురింటి పాప తొమ్మిదో తరగతి, బీజగణితం అంటే భయమట, సోమవారం నుంచి వస్తానంది. చెల్లెమ్మా, మెంతులు వేయించి పొడి కొట్టాలా, పచ్చివేనా?

ఒంగోలు కోడలు:
వేయించే. పావు స్పూను చాలు, ఎక్కువైతే చేదొస్తుంది. ఆవాలు కూడా కాసిని కలిపి వేయించండి.