పీక్ ప్రెజర్ ఇద్దరికీ 35: ఎవరి ఊపిరితిత్తులు బిగుసుకున్నట్టు?

ఆర్టీ_చెన్నై: చెన్నైలో రెస్పిరేటరీ థెరపీ రెండో ఏడు. క్లాసు ఇంగ్లీషు, వార్డు తమిళం, ఈ ఒక్క లెక్కా తెలుగులో తేల్చుకుందామని. ఇద్దరు పేషెంట్లూ వెంటిలేటర్ మీద, వాల్యూమ్ కంట్రోల్‌లో (ప్రతి ఊపిరికీ ఇంత గాలి అని సెట్ చేసే పద్ధతి) ఉన్నారు. టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి) 400 మి.లీ., ఫ్లో నిమిషానికి 60 లీటర్లు, మారకుండా. పీక్ (గాలి లోపలికి తోసేటప్పుడు వచ్చే గరిష్ఠ ఒత్తిడి) ఇద్దరికీ 35 సెం.మీ. నీటి ఒత్తిడి. ఒకటో బెడ్‌కి ప్లాటో (ఫ్లో ఆపాక మిగిలే ఒత్తిడి) 13, పీప్ (ఊపిరి వదిలాక లోపల ఉండే ఒత్తిడి) 5. రెండో బెడ్‌కి ప్లాటో 30, పీప్ 10. డైనమిక్ కంప్లయన్స్ (ఒక సెం.మీ. ఒత్తిడికి ఎన్ని మి.లీ. గాలి పడుతుందో; 400/(పీక్−పీప్)) 13, 16 వస్తోంది. అంటే ఒకటో బెడ్ ఊపిరితిత్తులే ఎక్కువ బిగుసుకున్నాయా అండీ?

పీప్‌పది: లేదండీ, సరిగ్గా తలకిందులు. డైనమిక్ లెక్కలో పీక్ వాడతాం. గాలిని గొట్టాల్లోంచి తోయడానికి పట్టే ఒత్తిడి కూడా అందులోనే ఉంటుంది. ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (గాలి లోపలికి వెళ్లాక కాసేపు ఆపే బటన్) నొక్కి ఫ్లో ఆపితే ఆ భాగం పోయి ప్లాటో మిగులుతుంది. స్టాటిక్ కంప్లయన్స్‌కి అదే కావాలి: ఒకటో బెడ్ 400/(13−5) = 50, రెండోది 400/(30−10) = 20. బిగుసుకున్నది రెండోదే.

ఒకటో బెడ్‌లో పీక్‌కీ ప్లాటోకీ తేడా 22. ఫ్లో సెకనుకి లీటరు కాబట్టి రెసిస్టెన్స్ (గాలి దారిలో అడ్డు) కూడా 22, చాలా ఎక్కువ. ముందు ట్యూబు మడత పడిందా, పేషెంటు కొరుకుతున్నాడా, కఫం అడ్డుపడిందా, ఫిల్టర్ తడిసి బరువెక్కిందా చూడండి. ఆ తర్వాతే బ్రాంకోస్పాజం (శ్వాసనాళాలు బిగుసుకోవడం). రెండో బెడ్‌లో దారి వేరు: ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే జబ్బు), ఊపిరితిత్తుల్లో నీరు, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ట్యూబు కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకి) జారడం.

వెంట్‌గ్రాఫ్: పై లెక్క సరే, కానీ ప్లాటోని నమ్మేముందు వేవ్‌ఫామ్ చూడాలి. హోల్డ్ అర సెకను ఉంచితే గీత చదునుగా నిలవాలి. పేషెంటు మధ్యలో ఊపిరి లాగితే, లేదా కఫ్ (ట్యూబు చుట్టూ గాలి నింపే బుడగ) దగ్గర లీకుంటే ఆ అంకె చెల్లదు.

ఒకటో బెడ్‌కి ఎక్స్‌పిరేటరీ హోల్డ్ (ఊపిరి వదిలాక కాసేపు ఆపడం) కూడా చేయండి. రెసిస్టెన్స్ అంత ఉన్నప్పుడు గాలి పూర్తిగా బయటికి రాకుండా లోపలే చిక్కుకుంటుంది. మొత్తం పీప్ 7 అని తేలిందనుకోండి, కంప్లయన్స్ 400/6, అంటే దాదాపు 67. సెట్ చేసిన 5 పెట్టి లెక్కేస్తే తక్కువ చూపిస్తుంది.

ఆర్టీ_చెన్నై: అర్థమైంది సార్. మరి పుస్తకంలో నార్మల్ 200 అని ఉంది కదా?

పీప్‌పది: అది ఊపిరితిత్తులది మాత్రమే. ఛాతీ గోడదీ సుమారు అంతే. రెండూ కలిసి సాగాలి కాబట్టి 1/200 + 1/200, మొత్తం 100 అవుతుంది. పడుకుని, మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఇంకా తగ్గి 50 దాకా రావడం మామూలే. పొట్ట నీటితో ఉబ్బినా ప్లాటో పెరుగుతుంది, అప్పుడు తప్పు ఊపిరితిత్తులది కాకపోవచ్చు. ఆ వాటా విడదీయాలంటే ఈసోఫేజియల్ బెలూన్ (అన్నవాహికలో ఒత్తిడి కొలిచే బుడగ) వేయాల్సిందే.

ఇంకోటి, రెండో బెడ్ డ్రైవింగ్ ప్రెజర్ (ప్లాటో−పీప్) 20. సాధారణంగా 15 దాటనివ్వరు. పేషెంటు ఎత్తు కొలిచి, దాన్నిబట్టి వచ్చే బరువుకి కిలోకి 6 మి.లీ. చొప్పున 400 ఎక్కువేమో చూసి, డ్యూటీ డాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి.