ఉగొలీనో కోటలిచ్చింది ద్రోహంతోనా, గత్యంతరం లేకనా?

పాతనాణెం:
ఇటలీలోని పీసా నగరాన్ని ఏలిన కౌంట్ ఉగొలీనో 1289 మార్చిలో ఇద్దరు కొడుకులు, ఇద్దరు మనవళ్లతో ముడా బురుజులో ఆకలికి మాడి చచ్చాడు. జాలే, కాదనను. కానీ 1284 ఆగస్టు 6న జెనోవాతో జరిగిన మెలోరియా సముద్రయుద్ధంలో తన ఓడలు వెనక్కి తిప్పేశాడు. ఆపైన శత్రునగరం లుక్కాకు రిపాఫ్రత్తా, వియరెజ్జో కోటలు ధారపోశాడు. ద్రోహమనడానికి ఇంకేం కావాలి?

ఆర్నోగట్టు:
మెలోరియాను ఇందులో కలపకండి. అక్కడ పీసా కొంప ముంచింది జెనోవా సేనాని జక్కారియా. తన గాలీల (తెడ్ల యుద్ధనౌకల) తెరచాప స్తంభాలు దించి వెనక ఆపాడు. పీసావాళ్లు వాటిని యుద్ధనౌకలని పోల్చుకోలేక ముందు వరస మీదికి దూకారు. పోరు ముదిరాక అవి వచ్చి పక్కనుంచి పడ్డాయి. ఉగొలీనో అమ్ముడుపోయాడన్న మాట తర్వాతి రచయితలది.

ఇక కోటలు. ఓటమి తర్వాత జెనోవా, ఫ్లోరెన్స్, లుక్కా ఏకమయ్యాయి. వేలమంది పీసావాళ్లు చెరలో ఉన్నారు. "పీసాను చూడాలంటే జెనోవా వెళ్లు" అని సామెతే పుట్టింది. బురుజెక్కడానికి మగాడు లేని ఊరు కోటలు ఎలా నిలుపుకుంటుంది? ముగ్గురు శత్రువుల్ని విడదీయడానికి చెల్లించిన ధర అది. కవి దాంతే సైతం ద్రోహం చేశాడన్న "పేరుంది" అనే అన్నాడు.

పాతనాణెం:
మరి ఖైదీల్ని విడిపించే సంధిని ఏళ్ల తరబడి సాగదీసిందెందుకండీ? వాళ్లు తిరిగొస్తే తన పీఠం కదులుతుందనేగా!

ఆర్నోగట్టు:
అక్కడ మీతో వాదించను.

గంటస్తంభం:
అసలు తప్పు మీరిద్దరూ వదిలేశారు. 1288 జూన్‌లో పీసా ఆర్చిబిషప్ రుజ్జియేరి మనుషులు నీనో విస్కోంతిని తరిమేస్తుంటే ఉగొలీనో సెత్తిమో కోటకెళ్లి కూర్చున్నాడు. నీనో ఎవరు? సొంత కూతురి కొడుకు, పాలనలో భాగస్వామి. అతనితోపాటే గ్వెల్ఫుల (పోప్ పక్షంవాళ్ల) అండ పోయింది. గిబెలీన్లా (చక్రవర్తి పక్షంవాళ్లా)? పుట్టుకతో తమవాడైనా గ్వెల్ఫులకు పిల్లనిచ్చినవాణ్ణి వాళ్లెందుకు నమ్ముతారు? జులై 1న ప్రజాభవనంలో దూరితే నిప్పుపెట్టి పట్టుకున్నారు. ముడా అంటే ఊరి గద్దల్ని ఈకలు రాల్చే కాలంలో ఉంచే బురుజు, గ్వాలాండీ వంశంవాళ్లది. ఆ గ్వాలాండీలు ఆర్చిబిషప్ పక్షమే.

పాతనాణెం:
అంటే కోటలకు శిక్ష కాదంటారా?

గంటస్తంభం:
కోటల నేరానికే అయితే విచారించి తల తీసేవారు. వీళ్లు ముందు డబ్బు గుంజారు, తర్వాత తలుపు బిగించి తాళంచెవులు ఆర్నో నదిలో పారేశారు.